ఆ తల్లి దీపం ఎందుకు ఆరలేదు?

 గత రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేకపోయాం. మా ఆరోగ్యం బాగానే ఉంది, ఎవరూ కంగారు పడవద్దు. ఒక మాట గుండెలో పడింది. దాన్ని దించుకోకుండా మరో ధ్యానం రాయడానికి చెయ్యి ఆడలేదు.

ఈ మే నెల రెండవ ఆదివారం మన మందిరంలో తల్లుల దినం జరుపుకున్నాం. వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. ప్రతి సంవత్సరం లాగే మేము సామెతలు 31వ అధ్యాయం తీసుకుని గుణవతియైన భార్య గురించి వాక్యం చెప్పాం. ఆ తల్లి చీకటితోనే లేస్తుంది, ఇంటివారికి భోజనం సిద్ధం చేస్తుంది, పొలం చూసి కొంటుంది, కదురు పట్టి నూలు వడుకుతుంది, రాత్రయినా ఆమె ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది అని వివరించాం. చివరలో, కరోనా కాలం మన తల్లులకు ప్రాధాన్యతలు నేర్పిందనీ, ఉద్యోగం కంటే కుటుంబం ముఖ్యమని దేవుడు చూపించాడనీ కూడా అన్నాం. అందరూ ఆమేన్ అన్నారు. తల్లులందరికీ తలా ఒక స్టీలు డబ్బా బహుమతిగా ఇచ్చాం.

ఆరాధన ముగిశాక, చెప్పులు విడిచే చోట, మన సంఘంలో ఆశా కార్యకర్తగా పనిచేసే అక్క మా కోసం ఆగింది.

"అయ్యగారూ, ఆవిడ దీపం రాత్రి పొద్దుపోయేదాకా ఎందుకు వెలుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?" అని అడిగింది.

"ప్రార్థనాపరురాలు కదమ్మా" అన్నాం.

"పని తెమలక అయ్యగారూ" అంది. నవ్వుతూనే అంది. డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట మా వెంట ఇంటికి వచ్చింది. ఆ వారం నుండి మన సంఘంలో పనికి వెళ్ళే తల్లుల దగ్గర కూర్చుని, కరోనా రెండేళ్ళలో వారికి ఏమి జరిగిందో మళ్ళీ అడిగాం. ఇంతకు ముందు కూడా అడిగాం గాని, అప్పుడు సాక్ష్యం కోసం అడిగాం. సాక్ష్యం కోసం అడిగితే ఎవరైనా చివరికి మేలు జరిగిన సంగతులే చెబుతారు. ఈసారి ఊరికే విన్నాం. వారిని అడిగే ఇక్కడ రాస్తున్నాం. పేర్లు మాత్రం రాయడం లేదు.

ముందు ఆ అక్క సంగతే చెప్పాలి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మనమందరం తలుపులు వేసుకున్న రోజున ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు, ఏ ఇంటికి ఏ ఊరి నుండి ఎవరు వచ్చారు అని ఇంటింటికీ తిరిగి రాసుకునేది. మొదట్లో చీర చెంగే ఆమెకు మాస్కు. ఇంట్లో షుగరు వ్యాధి ఉన్న అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. అందుకని రాత్రిళ్ళు పంచలో మంచం వేసుకుని ఒక్కతే పడుకునేది. చిన్నదాని తల దువ్వడానికి కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమె వస్తుంటే తలుపు వేసుకున్న ఇళ్ళలో మన సంఘం ఇళ్ళు కూడా ఉన్నాయి. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని 10 లక్షల మంది ఆశా కార్యకర్తలను అవార్డుతో గౌరవించింది. ఆ మాట గుర్తు చేస్తే, "ఫోనులో చూశానండి, సంతోషం అనిపించింది" అంది. కాసేపాగి, "ఆ ఏడాదిన్నర పిల్లలకి నేను లేను. అక్కడే పంచలో ఉన్నాను, కానీ లేను" అంది. అది సాక్ష్యాల కూడికలో చెప్పే మాట కాదు. అందుకే ఇన్నాళ్ళూ మేము వినలేదు.

రెండవవారు లేసు అల్లే చెల్లెమ్మ. మన నరసాపురం ప్రాంతపు లేసు గురించి మీకు చెప్పనక్కర్లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలు మన ఆడవారికి నేర్పిన విద్య అది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడి లేసు పనివారి మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవారిని మాత్రం ఎవరూ పనివారిగా లెక్కపెట్టలేదనీ, ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకుంటున్నారులే అని అనుకోవడం వల్లే వారి కూలి అంత తక్కువగా ఉందనీ ఆమె చెప్పారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

లాక్‌డౌన్‌లో దారం తెచ్చి ఇచ్చే ఏజెంటు రావడం మానేశాడు. ఆ చెల్లెమ్మ చెప్పిన మాట ఇది. "మా ఆయన ఆటో ఆగిపోతే అందరూ వచ్చి ఎలా బతుకుతారు అని అడిగారండి. మీరూ వచ్చి ప్రార్థన చేశారు. నా అల్లిక ఆగిపోయిందని మాత్రం ఎవరికీ తెలియలేదు. పిల్లల ఫీజులు అంతకు ముందు మూడేళ్ళు కట్టింది ఆ డబ్బుతోనే." నిజమే. ఆ ఇంట్లో మేము ఆటో కోసం ప్రార్థన చేశాం.

మూడవవారు కువైట్‌లో ఇంటిపని చేసిన సహోదరి. మన గోదావరి జిల్లాల నుండి ఎందరు తల్లులు అలా వెళ్ళారో మీకు తెలుసు. ఆమె ఆరేళ్ళు అక్కడ వేరేవారి పిల్లలను పెంచింది. ఆమె కొడుకు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగాడు. 2020లో ప్రత్యేక విమానాలు నడిచినప్పుడు తిరిగి వచ్చింది. ఇక వెళ్ళనని చెప్పింది. ఆ ఆదివారం ఆమెను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించాం. డబ్బు కంటే బిడ్డే ముఖ్యమని తెలుసుకున్న తల్లి అని మేమే మైకులో అన్నాం. ఆమె రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. తెల్లవారుజామున వ్యాను ఎక్కితే సాయంత్రానికి చేతులు మంచులో నానిపోయి వచ్చేది. ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది, అప్పు మాత్రం ఆగలేదు. రెండేళ్ళు చూసి మళ్ళీ కువైట్ వెళ్ళిపోయింది. వెళ్ళే రోజున సాగనంపడానికి సంఘం నుండి ఒక్కరూ వెళ్ళలేదు. మేము కూడా వెళ్ళలేదు. వచ్చినప్పుడు స్తుతి చేసి, వెళ్ళేటప్పుడు ముఖం తిప్పుకున్నాం. ఆమె బిడ్డను తక్కువగా ప్రేమించి వెళ్ళిందా? అప్పు తీర్చడానికి మనం ఆమెకు వేరే దారి ఏదైనా చూపించామా?

నాలుగవ అమ్మాయి మన సంఘంలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించుకున్న బిడ్డ. కరోనాలో భర్తతో పాటు ఊరికి వచ్చి, నెలల పాపను ఒడిలో పెట్టుకుని మేడ మీద గదిలో పని చేసింది. సిగ్నల్ కోసం ట్యాంకు దగ్గర కూర్చోవడం మనమంతా చూశాం. ఆ రెండేళ్ళే తన జీవితంలో ఉద్యోగమూ పాపా ఒకే కప్పు కింద ఉన్న రోజులని చెప్పింది. తరువాత ఇద్దరినీ ఆఫీసుకు రమ్మన్నారు. భర్త వెళ్ళాడు, ఆమె మానేసింది. మేము అప్పట్లో, మంచి నిర్ణయం తీసుకున్నావమ్మా అని మెచ్చుకున్నాం. ఇప్పుడు అడిగితే, "నన్ను మానెయ్యమని ఎవరూ అనలేదు అయ్యగారూ. పాపను మేము చూసుకుంటామని కూడా ఎవరూ అనలేదు" అంది. ఆమె చెప్పిన ఆ రెండు ముక్కల్లో మేము చెప్పిన ప్రసంగమంతా కొట్టుకుపోయింది.

ఇంతవరకు ఊరి సంగతులు రాశాం. మా ఇంటి సంగతి రాయకుండా ఇక్కడితో ఆపితే దేవుని ఎదుట నిలబడలేం.

మీరందరూ అమ్మగారు అని పిలిచే మా ఇల్లాలు 2011 నుండి పక్క ఊరి ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేవారు. 2020 నాటికి జీతం 8,000 రూపాయలు. ఈ మాట ఎప్పుడూ బయట చెప్పలేదు గాని, మా ఇల్లు నడిచింది ఎక్కువగా ఆ జీతంతోనే. మనది పేద సంఘం. ఆదివారం కానుకలలో కరెంటు బిల్లు, మందిరం ఖర్చులు, మా బండి పెట్రోలు పోగా మిగిలేది కొంచెమే. దేవుడే మమ్మును పోషిస్తున్నాడని మేము ప్రసంగాల్లో చెప్పేవాళ్ళం. అది అబద్ధం కాదు. ఎవరి చేతుల మీదుగా పోషిస్తున్నాడో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

2020 మార్చిలో బడులు మూసేశారు. ఏప్రిల్ నుండి అమ్మగారికి జీతం లేదు. మందిరం కూడా మూత, కానుకలూ లేవు. మే నెలలో ప్రభుత్వం పాస్టర్లకు, అర్చకులకు, ఇమాములకు ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ఒకసారి సాయంగా ఇచ్చింది. మా పేరున వచ్చింది, కృతజ్ఞతతో తీసుకున్నాం. తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పిన అమ్మగారి పేరున ఏమీ రాలేదు. ఆమెతో పనిచేసిన ఒక టీచరు ఉపాధి హామీ పనికి వెళ్ళింది. ఆ సంవత్సరం రోజు కూలి 237 రూపాయలు. తన దగ్గర చదివిన పిల్లల తల్లుల పక్కనే నిలబడి మట్టి తట్ట ఎత్తింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణలో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించినప్పుడు, అమ్మగారు పేపరులో ఆ వార్త దగ్గర చాలాసేపు ఆగిపోయారు. పక్క రాష్ట్రం కదా, మనకేమి అని అన్నాం. అమ్మగారు మాట్లాడలేదు. మొట్టమొదటిసారి తన పనిని ఎవరో పని అని లెక్కపెట్టారని చదువుతున్నారేమో. అది మాకు అప్పుడు తట్టలేదు.

అసలు సంగతి అంతకు ముందే, 2020 జూన్‌లో జరిగింది. బడివారు ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టారు. మూడో తరగతికి ఉదయం పది నుండి పదకొండున్నర వరకు. తరగతులు చెప్పినవారికి సగం జీతం ఇస్తామన్నారు. మా ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోను. అది అమ్మగారి జీతంలో వాయిదాల మీద కొన్నదే. అప్పటికే మేము రోజూ ఉదయం పది గంటలకు ఫేస్‌బుక్‌లో లైవ్ వాక్యం మొదలుపెట్టి ఉన్నాం.

"ఏవండీ, మీ లైవ్ సాయంత్రానికి మార్చుకోకూడదా?" అని అమ్మగారు అడిగారు.

"దేవుని పని కదా, ఒకసారి పెట్టిన సమయం మార్చకూడదు" అన్నాం.

ఆ పది గంటల సమయం దేవుడు చెప్పింది కాదు. మేము పెట్టుకున్నది. చూసేవారు ఏ రోజూ ఇరవై మంది దాటలేదు, అందులో సగం మా బంధువులే. అమ్మగారు మూడు రోజులు పక్కింటివారి ఫోను అడిగి తెచ్చుకుని పాఠం చెప్పారు. నాలుగో రోజు వారి అబ్బాయికే క్లాసు ఉంది. ఆ వారం చివర బడి నుండి ఫోను వచ్చింది, అదీ మా చేతిలో ఉన్న ఫోనుకే. మీకు వీలు కాకపోతే వేరేవారికి ఇస్తాం మేడమ్ అన్నారట. సరేనండి అని అమ్మగారు ఫోను మాకు తిరిగి ఇచ్చేశారు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం అంతటితో అయిపోయింది.

తరువాత మేము చేసింది ఇంకా పెద్ద తప్పు. కొన్ని వారాలకు లైవ్‌లో, అమ్మగారు లోక ఉద్యోగం విడిచిపెట్టి సంపూర్ణ సేవకు సమర్పించుకున్నారని సాక్ష్యం చెప్పాం. ఎన్నో హల్లెలూయలు వచ్చాయి. మీలో కొందరు అభినందిస్తూ ఫోను కూడా చేశారు. అమ్మగారు అప్పుడు ఫోను వెనక వైపు, కెమెరాకు కనపడకుండా కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. కత్తిపీట చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

సేవకులుగా "మేము" అని రాయడం మాకు అలవాటు. ఈ ఒక్క చోట ఆ మాట చాటున దాక్కోకూడదు. ఫోను ఇవ్వనన్నదీ, ఆ సాక్ష్యం చెప్పిందీ ఈ సేవకుడు ఒక్కడే. అందులో అమ్మగారి భాగం లేదు. కరోనా వల్ల ఆమె ఉద్యోగం పోయిందని ఐదేళ్ళుగా చెప్పుకుంటున్నాం. నిజానికి కరోనా బడిని మూసింది. ఉద్యోగం పోవడానికి కారణం ఇంట్లోనే ఉంది.

ఆశా అక్క అన్న మాట ఇంటికి వచ్చి చెప్పిన రాత్రి, ఈ సంగతి కూడా మొదటిసారి నోరు విప్పి అన్నాం. క్షమించమని అడిగాం. అమ్మగారు ఏడవలేదు, కోప్పడలేదు. "ఉద్యోగం పోయినందుకు అంత బాధ లేదండి. దాన్ని సాక్ష్యం చేశారు చూడండి, అప్పటి నుంచి ఎవరికీ నిజం చెప్పుకోలేకపోయాను. బాధపడితే విశ్వాసం లేనట్టు కదా" అన్నారు. ఇంకొక సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది. బీఈడీ చేసి డీఎస్సీ రాయాలని అమ్మగారు కొంత డబ్బు దాచుకున్నారట. ఆ సంవత్సరం బియ్యానికీ, మా అబ్బాయికి ఫోను కొనడానికీ ఆ డబ్బు అయిపోయింది. అప్పుడు ఆమెకు 36, ఇప్పుడు 41. ఆ డబ్బు ఎక్కడి నుండి వచ్చిందని ఆ రోజుల్లో మేము అడగనే లేదు. దేవుడు అవసరం తీర్చాడని అనుకున్నాం.

మా అబ్బాయి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఈ మాటలన్నీ విని, కేంద్ర ప్రభుత్వం చేసిన ఒక సర్వే వివరాలు ఫోనులో చూపించాడు. మనుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం ఇస్తున్నారో లెక్కగట్టే సర్వే అది. కరోనాకు ముందు, 2019లో, జీతం లేని ఇంటిపనికి ఆడవారు సగటున రోజుకు 299 నిమిషాలు ఇచ్చారు. ఆ పని చేసే మగవారు ఇచ్చింది 97 నిమిషాలు. కరోనా తరువాత, 2024లో, మళ్ళీ లెక్కగట్టారు. ఆడవారు 289 నిమిషాలు, మగవారు 88. మరి రోజులో ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టే మగవారే నూటికి 27 మంది. లాక్‌డౌన్‌లో మగవారు గిన్నెలు తోముతున్న వీడియోలు ఎన్ని చూశాం! ప్రపంచం మారిపోయిందనుకున్నాం. ఐదేళ్ళలో మగవారి వాటా పెరగలేదు సరికదా, తొమ్మిది నిమిషాలు తగ్గింది.

ఇంకొక లెక్క కూడా చూపించాడు. 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో పని చేసేవారు, పని కోసం చూసేవారు కలిపి 2019-20లో నూటికి 30 మంది. 2023-24కి నూటికి దాదాపు 42 మంది అయ్యారు. వినడానికి సంతోషంగా ఉంటుంది. కానీ ఆ పెరుగుదల ఎక్కువగా పల్లెల్లో, సొంత పొలం పనిలో, ఇంటి చిల్లర వ్యాపారంలో వచ్చింది. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగాలలో ఉన్నవారి వాటా తగ్గింది. అంటే మన తల్లులు పని మానేసి ఇంటికి రాలేదు. ఇంటిపని పెద్దగా తగ్గకుండానే ఇంకా ఎక్కువ పనికి వెళ్ళారు. మన పేటలో చూస్తే ఈ లెక్క నిజమని సర్వే లేకుండానే తెలుస్తుంది.

ఈ వెలుగులో సామెతలు 31వ అధ్యాయం మళ్ళీ తెరిచాం. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న వాక్యమే. దీపం మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. ఆ తల్లి భర్త ఎక్కడ ఉన్నాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన గవిని దగ్గర పెద్దలతో కూర్చుని ఉన్నాడు. మన మాటలో చెప్పాలంటే రచ్చబండ దగ్గర. ఆమె పని వల్లే ఆయనకు అక్కడ తీరికా, పేరూ ఉన్నాయి. చదువుతుంటే మా ముఖమే మాకు కనబడింది. పది గంటల లైవ్ మేము కూర్చున్న గవిని.

ఆ అధ్యాయం చివరి వచనం మీద అయితే ఒక్క ప్రసంగం కూడా చేయలేదు. అక్కడ ఆమెను ఊరికే పొగడమని లేదు. చేసిన పనికి తగిన ప్రతిఫలం ఆమెకు దక్కాలని ఉంది. నిర్గమకాండము 2వ అధ్యాయంలో మోషే తల్లిని చూడండి. తన బిడ్డకే పాలిచ్చి పెంచడానికి ఫరో కుమార్తె దగ్గర ఆమెకు జీతం దొరికింది. ఒక తల్లికి బిడ్డా జీతమూ రెండూ దక్కేలా దేవుడు ఏర్పాటు చేశాడు. ఆ రెంటిలో ఒకటి ఎంచుకోమని అడిగింది మనం. అదీ తల్లులను మాత్రమే అడిగాం. ఏ తండ్రినైనా ఆ ప్రశ్న అడిగామా? మా పరిచర్యా మా ఇల్లూ రెంటిలో ఏది ముఖ్యమని మమ్మును ఎవరైనా అడిగారా?

కుటుంబం ముఖ్యం కాదని మేము అనడం లేదు. ఆ నాలుగు ఇళ్ళ తల్లులూ, అమ్మగారూ బిడ్డల కోసమే అన్నీ చేశారు. కరోనాకు ముందు కూడా వారికి బిడ్డలే ముఖ్యం, అది వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కరోనా చూపించింది ఇంకొకటి. ఇల్లు కదిలిపోయినప్పుడు మొదట జారిపోయేది తల్లి ఉద్యోగమేననీ, అలా జారుతుంటే ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరనీ చూపించింది. అది ఆ తల్లుల ప్రాధాన్యత కాదు, మన ప్రాధాన్యత.

అమ్మగారు ఇప్పుడు ఏమి చేస్తున్నారో మీకు తెలుసు. 2021 వేసవిలో రెండోసారి బడులు మూతపడినప్పుడు, అక్షరాలు మరచిపోతున్న నలుగురు పిల్లలను మందిరం వరండాలో కూర్చోబెట్టి చదివించడం మొదలుపెట్టారు. ఆగస్టు 16న బడులు తెరిచాక పాత బడివారు మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళలేదు. ఇప్పుడు సాయంత్రం ట్యూషన్‌కు ముప్ఫై మందికి పైగా వస్తున్నారు. సేవ కోసమే వెళ్ళలేదని మేము అనుకుంటూ వచ్చాం. మొన్న అడిగితే, "అక్కడికంటే నాలుగు డబ్బులు తక్కువే. కానీ నా చేతికే వస్తాయి. సమయం నేను పెట్టుకున్నది. దీన్ని మాత్రం త్యాగం అని చెప్పకండి" అన్నారు. చెప్పం.

పోయిన ఆదివారం సంఘం ఎదుట ఆ పాత సాక్ష్యం తప్పని ఒప్పుకున్నాం. రాలేనివారి కోసం ఇక్కడ కూడా రాస్తున్నాం. పెద్దలతో మాట్లాడి కొన్ని పనులు మొదలుపెట్టాం. మంగళవారం పగటిపూట జరిగే స్త్రీల కూడికకు కూలికి, షెడ్డుకు, బడికి వెళ్ళే తల్లులు ఎన్నడూ రాలేకపోయారు. రానివారికి ఆత్మీయత తక్కువని మేమే అన్నాం. ఇకమీదట అది ఆదివారం మధ్యాహ్నం జరుగుతుంది, ఆ వేళ పిల్లలను మగవారు చూసుకుంటారు. నెల మొదటి ఆదివారం ప్రేమ విందు వంట మగవారిదే. మొదటిసారి సాంబారులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ పెద్దగా సణగలేదు, వండినవారు తప్ప. కువైట్‌లో ఉన్న సహోదరికి ఫోను చేసి క్షమాపణ అడిగాం. ఆమె కొడుకు సాయంత్రం ట్యూషన్ అయ్యాక మా ఇంట్లోనే అన్నం తింటున్నాడు. ఇక ఏ తల్లి సాక్ష్యమైనా ఆమే చెప్పాలి. చెప్పకపోతే అది ఆమె ఇష్టం.

బీఈడీ సంగతి మిగిలే ఉంది. వచ్చే సంవత్సరం కడతామని మేము అన్నాం. "చూద్దాం లెండి" అన్నారు అమ్మగారు. ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో మాకు తెలియదు. ఐదేళ్ళు ఒక్క క్షమాపణతో తిరిగి రావు. అది మేము మోయవలసిందే.

ఈ మాటలు చదువుతున్న సహోదరులారా, ఈ రాత్రి మీ ఇంట్లో చివర ఆరిన దీపం ఎవరిదో చూడండి. ప్రసంగం కోసం కాదు, లేచి వెళ్ళి ఆ గిన్నెలు అందుకోవడానికి.

ప్రార్థించుకుందాం. తండ్రీ, మా తల్లుల కష్టాన్ని పొగడ్తలతో సరిపెట్టిన మా పాపాన్ని క్షమించుము. పోగొట్టుకున్నవారిని ఓదార్చుము. వారి చేతుల కష్టం వారికి దక్కనిమ్ము. గవిని దగ్గర కూర్చున్న మమ్మును లేపి ఇంటికి పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ఇది పెట్టే ముందు అమ్మగారికి చదివి వినిపించాం. అంతా విని ఒక్కటే సరిచేశారు. ఆ రోజు తరిగింది బెండకాయలు కాదట, వంకాయలట.